మాత్ర వేసుకుంటూ చేయించుకున్న ఎండోస్కోపీని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మా వారికి 47 ఏళ్లు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పని, రాత్రి పదిన్నరకు గానీ అన్నం తినరు. మూడేళ్లుగా గుండెల్లో మంట, పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి, రాత్రుళ్లు పొడి దగ్గు. మంట వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో పాంటోప్రజోల్, డాంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ తెచ్చుకుని వేసుకుంటారు. ఎనిమిది నెలల క్రితం ఎండోస్కోపీ చేయించాం. పరీక్షకు ముందు నెల రోజులూ ఆ మాత్ర రోజూ వేసుకున్నారు. రిపోర్టులో 'ఎల్‌ఏ గ్రేడ్ ఎ ఈసోఫజైటిస్, లాక్స్ ఎల్‌ఈఎస్, యాంట్రల్ గ్యాస్ట్రైటిస్, ఆర్‌యూటీ నెగటివ్' అని ఉంది. ఇప్పుడు ఒక డాక్టరు గారు 24 గంటల పీహెచ్ పరీక్ష చేయించమన్నారు. ఇంకొకరు వాల్వు వదులైంది, ఆపరేషన్ చేస్తే మాత్రల బెడద పోతుందన్నారు. మా మరిది బేరియం ఎక్స్‌రే చాలదా అంటున్నాడు. ఆయనకు బీపీ ఉంది, ఆమ్లోడిపిన్ వాడతారు. ఖైనీ అలవాటు ఉంది. బరువు 84 కిలోలు. ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి? క్యాన్సర్‌గా మారుతుందేమోనని భయంగా ఉంది.
ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: 'పరీక్షకు ముందు నెల రోజులూ మాత్ర రోజూ వేసుకున్నారు' అని మీరు మాటవరసకు రాసిన వాక్యమే ఈ ఉత్తరానికి ఆయువుపట్టు. ఆమ్లాన్ని ఆపే మాత్ర వాడుతుంటే అన్నవాహికలో ఉన్న పుండ్లు మానిపోతాయి. దాని పనే అది. మానిపోయాక స్కోప్ వేసి చూస్తే ఏం కనిపిస్తుంది? అందుకని ఆ రిపోర్టు మీ వారికి రిఫ్లక్స్ జబ్బు, అంటే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నే జబ్బు, ఉందనీ తేల్చలేదు, లేదనీ తేల్చలేదు. దాన్ని పట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కడం తొందరపాటే.

పొట్ట పరీక్షల మాట తర్వాత, ముందు గుండె సంగతి చూడండి. 47 ఏళ్లు, బీపీ, పొగాకు, అధిక బరువు. ఈ నాలుగూ ఉన్న మనిషి గుండెల్లో మంట అంటే అది గ్యాసే అనుకుని ఊరుకోకూడదు. భోంచేసిన గంటా రెండు గంటల్లో, వంగినప్పుడో పడుకున్నప్పుడో మండి, పుల్లటి నీళ్లు పైకి తన్నితే అది ఎసిడిటీ తీరు. మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు, గబగబా నడిచినప్పుడు ఛాతీ పట్టేసినట్టయి, నిలబడితే తగ్గిపోతే అది గుండె తీరు. దానికి కార్డియాలజిస్టు దగ్గర ఈసీజీ, ఎకో, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాలి. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండె కింది గోడకు వచ్చే పోటు పైకడుపు నొప్పిగా, వాంతిగా కూడా కనిపిస్తుంది. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి వచ్చేయకండి. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, కొన్ని గంటలు ఆగి రెండూ మళ్లీ చూస్తే గానీ గుండెపోటు కాదని చెప్పరు. జెలూసిల్ లాంటి మందు తాగాక నెమ్మదించినంత మాత్రాన గుండె జబ్బు కాదని అర్థం కాదు.

గుండె సంగతి తేలాక ప్రమాద సూచనలు ఉన్నాయేమో చూడాలి. మింగుడు అడ్డుపడటం, మింగితే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, నెత్తుటి వాంతి, తారులా నల్లగా జిగటగా వచ్చే విరేచనం, హిమోగ్లోబిన్ పడిపోవడం, ఆగని వాంతులు. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా మాత్రలతో కాలయాపన చేయకుండా వెంటనే ఎండోస్కోపీ చేయించాలి. 60 దాటిన వాళ్లకు అజీర్తి కొత్తగా మొదలైతే వాళ్లకూ అంతే. ఐరన్ మాత్రలకు కూడా మలం నల్లబడుతుంది, ఆ తేడా డాక్టరుకు చెప్పండి. మింగుడు అడ్డుపడుతోందా అని మగవాళ్లను అడిగితే లేదనే అంటారు. పక్కన కూర్చుని గమనించండి. ముద్దముద్దకీ నీళ్లు తాగుతున్నారా? చపాతీ, మాంసం మానేసి అన్నంలో చారు జారుగా కలుపుకుంటున్నారా? ఇదివరకు పది నిమిషాల్లో ముగిసే భోజనం ఇప్పుడు అరగంట పడుతోందా? చాలామంది తమకు తెలియకుండానే ఇలా సర్దుకుపోతుంటారు.

ఇవేవీ లేకపోతే మొదట చేయాల్సింది మాత్రను సరిగ్గా వాడి చూడటం. మీ వారు మూడేళ్లుగా వాడుతున్నా, దాన్ని వాడాల్సిన పద్ధతిలో వాడినట్టు లేదు. పాంటోప్రజోల్ జాతి మాత్రలు కడుపులో ఉన్న ఆమ్లాన్ని విరిచేవి కావు. తిండి పడగానే ఆమ్లం తయారుచేయడానికి మేల్కొనే సూక్ష్మ పంపులను మూసేస్తాయి. మేల్కొన్న పంపులనే మూయగలవు, పైగా రక్తంలో ఒకటి రెండు గంటలకే మందు సగం అయిపోతుంది. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక, భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు వేసుకుంటే పంపులు నిద్రలో ఉండగా మందు వచ్చి వెళ్లిపోతుంది. రోజూ ఒకే వేళకు, మంట ఉన్నా లేకున్నా, ఎనిమిది వారాలు వాడాలి. మామూలుగా టిఫిన్‌కు ముందు ఇస్తారు. ఈయన బాధంతా రాత్రే కాబట్టి రాత్రి భోజనానికి ముందు వేసుకోమనవచ్చు, అది మీ డాక్టరును అడగండి.

డాంపెరిడోన్ వాంతుల మందు. అది కలిసిన క్యాప్సూల్ మన దగ్గర బఠాణీల్లా అమ్ముడవుతుంది. ఒట్టి మంటకు దాని అవసరం లేదు. గుండె లయను దెబ్బతీసే గుణం దానికుంది, క్లారిత్రోమైసిన్, ఫ్లూకనజోల్ లాంటి మందులతో కలిస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది. డాంపెరిడోన్ లేని పాంటోప్రజోల్ విడిగా దొరుకుతుంది. ఆమ్లోడిపిన్ కూడా అన్నవాహిక కింది కండరాన్ని కాస్త వదులు చేస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, బీపీకి వేరే రకం మాత్ర సరిపోతుందేమో రాసిన డాక్టరునే అడగండి.

ఈ ఎనిమిది వారాల్లోనే రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఎడం ఉండాలి. పదిన్నరకు తినే మనిషికి ఇది కష్టమే. సాయంత్రం ఏడింటికి ఆఫీసులోనే డబ్బా అన్నం తినేసి, ఇంటికొచ్చాక పలచటి మజ్జిగతో సరిపెట్టుకోవడం ఒక మార్గం. మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు ఇటుకలు పెట్టండి. రెండు దిళ్లు వేసుకుంటే తల ఒక్కటే లేచి నడుం దగ్గర పొట్ట మడతపడుతుంది, దానివల్ల రిఫ్లక్స్ పెరిగినా పెరుగుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు.

ఎనిమిది వారాలకు పూర్తిగా తగ్గితే మాత్ర ఆపి చూస్తారు. తగ్గకపోయినా, ఆపగానే తిరగబెట్టినా అప్పుడు పరీక్షలు కావాలి. మాత్రకు తగ్గింది కాబట్టి రిఫ్లక్సే అనుకోవడమూ పూర్తిగా సరికాదు. ఇతర కారణాల వల్ల వచ్చే మంట కూడా కొందరిలో ఈ మాత్రకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి మాత్ర వాడించబోయే ముందు ఒకసారైనా జబ్బును రుజువు చేసుకోవాలనేది అందుకే.

ఇప్పుడు మీ దగ్గరున్న రిపోర్టు చూద్దాం. 'ఎల్‌ఏ' అంటే లాస్ ఏంజెలెస్ కొలమానం. అన్నవాహిక అడుగున పొరలో పడిన చీరికలను దీనితో కొలుస్తారు. అన్నవాహిక లోపల కుచ్చిళ్లలా నిలువు మడతలుంటాయి. ఒక మడత మీదే 5 మిల్లీమీటర్ల లోపు చీరిక ఉంటే ఎ. 5 మిల్లీమీటర్లు దాటినా పక్క మడతలోకి పాకకపోతే బి. మడతల మధ్య కలిసిపోయి, చుట్టుకొలతలో ముప్పాతిక లోపు ఉంటే సి. ముప్పాతిక, ఆపైన ఆక్రమిస్తే డి. వీటిలో ఎ అనేది ఏ బాధా లేని ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది, ఇద్దరు డాక్టర్లు చూస్తే ఒకరు ఉందని, ఒకరు లేదని అంటారు. కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోరు. ఈ రంగంలోని నిపుణులు లియాన్ ఒప్పందం పేరుతో 2018లో ప్రమాణాలు రాసుకున్నారు. ఆ తర్వాత సవరించిన కూర్పు ప్రకారం బి, సి, డి గ్రేడులు, బయాప్సీలో తేలిన బారెట్స్ మార్పు (అన్నవాహిక అడుగున లోపలి పొర వేరే రకంగా మారిపోవడం), ఆమ్లం వల్ల అన్నవాహిక సన్నబడటం, ఇవే ఎండోస్కోపీలో దొరికే గట్టి రుజువులు. మీ వారికి నెల రోజుల మాత్ర తర్వాత కనిపించింది ఎ. మాత్రకు ముందు అది బి అయి ఉండవచ్చు, అసలు ఏమీ లేకపోయి ఉండవచ్చు.

'లాక్స్ ఎల్‌ఈఎస్' అంటే అన్నవాహిక అడుగున వాల్వులా పనిచేసే కింది కండరం వదులుగా కనిపించిందని. స్కోప్‌తో గాలి ఊదుతూ చూస్తారు, ఆ గాలికి తేన్పు వచ్చే క్షణంలో ఎవరి వాల్వయినా తెరుచుకుంటుంది. ఆ మాటలో కొలత లేదు, చూసినవాళ్ల అభిప్రాయమే ఉంది. రిపోర్టులో ఉండాల్సింది సెంటీమీటర్ల లెక్క. అన్నవాహిక, జఠరం కలిసే చోటు పళ్ల నుంచి 36 సెంటీమీటర్ల దగ్గర, ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) నొక్కు 39 దగ్గర ఉన్నాయంటే జఠరం 3 సెంటీమీటర్లు ఛాతీలోకి జారిందన్నమాట, అదే హయాటస్ హెర్నియా. రెండూ ఒకే అంకె దగ్గరుంటే హెర్నియా లేదు. వాల్వు బిగువును హిల్ గ్రేడ్ అని 1 నుంచి 4 వరకు కూడా రాస్తారు. ఇవేవీ లేకుండా ఒట్టి 'లాక్స్' అని ఉంటే దానికి ఆపరేషన్ కట్టబెట్టకండి.

'యాంట్రల్ గ్యాస్ట్రైటిస్' అంటే జఠరం కింది భాగం ఎర్రగా కనిపించిందని, బయాప్సీ ముక్క లేకుండా ఆ మాటకు పెద్ద విలువ లేదు. 'ఆర్‌యూటీ' హెలికోబాక్టర్ పైలోరి క్రిమికి చేసే పరీక్ష. ఇక్కడా అదే చిక్కు వచ్చింది. పాంటోప్రజోల్ వాడుతుంటే క్రిమి అణగి ఉండి పరీక్షకు చిక్కదు. ఆ మాత్ర ఆపి రెండు వారాలు, యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు గడిస్తేనే నెగటివ్‌ను నెగటివ్‌గా నమ్మాలి. మలంలో యాంటిజెన్ పరీక్ష చేయించినా ఇదే నియమం. అయితే ఆ క్రిమి అల్సర్లకు మూలమే గానీ రిఫ్లక్స్‌కు కారణం కాదు, దాని కోసం తొందరపడనక్కర్లేదు.

మళ్లీ ఎండోస్కోపీ చేయిస్తే మాత్ర ఆపి రెండు నుంచి నాలుగు వారాలు అయ్యాకే చేయించండి. ముద్ద అడ్డుపడే ఇబ్బంది కూడా ఉంటే, అన్నవాహిక మామూలుగా కనిపించినా పైనుంచీ కిందినుంచీ కలిపి కనీసం ఆరు ముక్కలు తీయమనండి. ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ జబ్బును కంటితో పట్టలేకపోవచ్చు, అదీ కొందరిలో ఈ మాత్రలకు మాయమవుతుంది. మాత్ర ఆపిన తొలి వారాల్లో మంట రెట్టింపయినట్టు ఉండవచ్చు. ఇన్నాళ్లు అణచిన పంపులు ఒక్కసారిగా చెలరేగడం వల్ల అలా అవుతుంది, జబ్బు ముదిరిందని హడలిపోకండి. ఆ రోజుల్లో యాంటాసిడ్ ద్రవం తాగవచ్చు. కానీ రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, ఇదివరకు అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్లు, సి లేదా డి గ్రేడ్ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపకూడదు.

పీహెచ్ పరీక్ష చేయించమన్న డాక్టరు మాట సరైనదే. అన్నవాహికలోకి ఆమ్లం రోజులో ఎంతసేపు వస్తోందో కొలిచి చెప్పేది ఇదొక్కటే. దీన్ని చేయించడానికి హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లోని పెద్ద గ్యాస్ట్రో కేంద్రాలకు వెళ్లాలి. ముక్కులోంచి దాదాపు 2 మిల్లీమీటర్ల గొట్టం దించి, దాని కొన కింది కండరానికి సరిగ్గా 5 సెంటీమీటర్ల పైన ఉండేలా అతికిస్తారు. ఆ కండరం ఎక్కడుందో తెలియడానికి ముందు మానోమెట్రీ, అంటే అన్నవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే పరీక్ష, చేస్తారు. నడుముకు చిన్న రికార్డర్ కట్టి ఇంటికి పంపిస్తారు. పీహెచ్ అంటే ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పీహెచ్ 4 కన్నా దిగువకు పడిన సమయమంతా అందులో లెక్కకు వస్తుంది. రోజు మొత్తంలో అది 4 శాతం లోపుంటే, అంటే 24 గంటల్లో 58 నిమిషాల లోపుంటే మామూలు. 6 శాతం దాటితే, అంటే 86 నిమిషాలు మించితే రిఫ్లక్స్ జబ్బు ఖాయం. మధ్యలో ఉంటే సందిగ్ధం. అప్పుడు ఇంపీడెన్స్ (ఆమ్లమైనా కాకపోయినా పైకి వచ్చేదాన్ని పసిగట్టే ఏర్పాటు) కూడా ఉన్న గొట్టమైతే రిఫ్లక్స్ ఎన్నిసార్లు వచ్చిందో చూస్తారు, 80 దాటితే జబ్బు వైపు, 40 లోపైతే కాదన్న వైపు మొగ్గుతారు. రిపోర్టులో ఆమ్లం కొలతలన్నీ కలిపి ఒకే అంకెగా చెప్పే డిమీస్టర్ స్కోర్ కూడా ఉంటుంది, 14.72 దాటితే ఎక్కువని లెక్క. కానీ ఇప్పుడు నిర్ణయం తీసుకునేది ముఖ్యంగా పైన చెప్పిన శాతాన్ని బట్టే.

ఈ పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఇంటి దగ్గరే. మీ వారిలా జబ్బు ఇంకా రుజువు కానివాళ్లు పాంటోప్రజోల్ జాతి మాత్ర ఏడు రోజుల ముందు, ఆమ్లం తగ్గించే మరో రకం మాత్ర ఫామోటిడిన్ మూడు రోజుల ముందు, యాంటాసిడ్ ఒక రోజు ముందు ఆపాలి. ముక్కులో గొట్టముందని భయపడి ఆ రోజంతా పెరుగన్నంతో గడిపేసి కదలకుండా కూర్చునేవాళ్లున్నారు. అలా చేస్తే కొలిచింది ఆయన మామూలు రోజు అవదు. ఆవకాయ, పదిన్నర భోజనం, ఆఫీసు తిరుగుడు, ఏ రోజు మంట వస్తుందో అలాంటి రోజే గడపాలి. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు, మంట వచ్చినప్పుడు వేరువేరు బటన్లు నొక్కాలి. భోజనాల మధ్య నిమ్మరసం, కూల్‌డ్రింకు గుక్కలు వేయకూడదు. వాటి పీహెచ్ 2, 3 ప్రాంతంలో ఉంటుంది, బటన్ నొక్కకుండా తాగితే యంత్రం దాన్ని రిఫ్లక్స్‌గా రాసేస్తుంది. మంట వచ్చిన వేళ రికార్డర్ గడియారం చూసి డైరీలో రాయాలి. సెల్‌ఫోన్ టైము రాస్తే అయిదు నిమిషాల తేడాకే మంటకూ ఆమ్లానికీ పొత్తు కుదరదు. మంటల్లో సగానికి సగం రిఫ్లక్స్ వెంటే వచ్చాయా అన్నది ఈ బటన్ల వల్లే తేలుతుంది.

గొట్టం భరించలేనివాళ్లకు వైర్‌లెస్ క్యాప్సూల్ ఉంది. ఎండోస్కోపీ చేస్తూనే అన్నవాహిక గోడకు తగిలిస్తారు, 96 గంటల దాకా కొలుస్తుంది, ఆ తర్వాత రోజుల్లో తనంతట తానే ఊడి విరేచనంలో పోతుంది. రిఫ్లక్స్ రోజు రోజుకీ మారుతుంది కాబట్టి ఒక్క రోజు కన్నా నాలుగు రోజుల కొలత నమ్మదగ్గది. రెండు రోజులైనా 6 శాతం దాటితే రుజువైనట్టే. ఖర్చు మాత్రం ఎక్కువ, ముందే అడగండి. పెట్టాక 30 రోజుల దాకా ఎంఆర్‌ఐ చేయించకూడదు. మాత్ర ఆపి స్కోప్, క్యాప్సూల్ రెండూ ఒకే రోజు చేయించుకుంటే మీ వారికి రెండు ప్రశ్నలూ ఒక్క ప్రయాణంలో తేలతాయి.

ఆమ్లం మామూలుగా ఉండి, మంటకూ దానికీ పొంతన లేదని తేలితే అది నరాల సున్నితత్వం వల్ల వచ్చే మంట. అప్పుడు పాంటోప్రజోల్ మోతాదు పెంచడంలో అర్థం లేదు, వైద్యం దారే వేరు. ఆపరేషన్ అసలే వద్దు.

ఆమ్లం ఎక్కువని తేలాకే ఆపరేషన్ మాట. అప్పుడు కూడా మానోమెట్రీ తప్పనిసరి. గొట్టం లోపలుండగా 5 మిల్లీలీటర్ల నీళ్లను పడుకోబెట్టి పదిసార్లు, కూర్చోబెట్టి మరికొన్నిసార్లు మింగించి కండరాల పిండుడు చూస్తారు. అకలేషియా అనే జబ్బులో కింది కండరం తెరుచుకోదు, తిన్నది అన్నవాహికలోనే నిలిచి పులిసి పైకి వస్తుంది. రోగి దాన్ని కూడా ఎసిడిటీ అనే చెబుతాడు. అలాంటివాళ్లకు వాల్వు బిగించే ఆపరేషన్ చేస్తే మంచినీళ్లు కూడా దిగవు. పీహెచ్, మానోమెట్రీ రెండూ చూడకుండా తేదీ ఇచ్చే సర్జన్‌ను అవి ఎందుకు అక్కర్లేదో అడగండి.

మీ మరిది చెప్పిన బేరియం రిఫ్లక్స్‌ను తేల్చదు. ఆరోగ్యవంతుల్లోనూ బేరియం కాస్త పైకి ఎగదన్నుతుంది, జబ్బున్నవాళ్లలో ఆ పది నిమిషాల్లో రాకపోవచ్చు. పెద్ద హెర్నియా ఆకారం చూడటానికి, మింగుడు అడ్డుపడే చోటు చూడటానికి పనికొస్తుంది. అల్ట్రాసౌండ్‌లో రిఫ్లక్స్ కనపడదు, పిత్తాశయంలో రాళ్ల అనుమానం ఉంటేనే అది.

క్యాన్సర్ భయానికి వస్తే, ఏళ్ల తరబడి రిఫ్లక్స్ ఉన్న కొద్దిమందిలో బారెట్స్ మార్పు వచ్చి, అందులో ఇంకా కొద్దిమందికి అది క్యాన్సర్ దాకా వెళుతుంది. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువవి ఆ రకం కావు. పొగాకు, మద్యంతో ముడిపడిన రకం. అంటే మీ వారి విషయంలో పుల్లటి తేన్పు కన్నా జేబులోని ఖైనీ ఎక్కువ ప్రమాదకరం. పళ్ల డాక్టరు చేత నోరు కూడా చూపించండి. బుగ్గ లోపల తెల్లమచ్చ, మానని పుండు ఉన్నాయేమో చూస్తారు.

దగ్గు మీద ఒక మాట. రాత్రి దగ్గును పూర్తిగా రిఫ్లక్స్ ఖాతాలో వేయకండి. ఆస్తమాకూ అదే వేళ. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కూడా వాడుతుంటే అవే పొడి దగ్గు తెస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించి టీబీ లేదని తేల్చుకోవాలి. కఫం పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. పీహెచ్ పరీక్ష దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే చేయించండి.